సాయంత్రం వంతు

"మా ఒడెట్ చేత్తో పితికేస్తుంది లెండి. ఆవిడకి అదో పనా!"

రొజేర్ తెస్సియే ఈ మాట అన్నది శుక్రవారం పొద్దున, ఊరి హాల్లో, పాతికమంది ఎదుట. ఒడెట్ అక్కడ లేదు. ఆ వేళకి ఆమె వంటింట్లో కట్టెల పొయ్యి మీద ఐసుముక్కలు కరిగించి, ఆ నీళ్లతో పదకొండుమంది తిన్న కంచాలు కడుగుతోంది. ఆ మాటని మోసుకొచ్చింది జనరేటర్ బండి నడిపే ఉబాల్. టోపీ తీసి గుమ్మంలో నిలబడి, "మీ ఆయన మనసు బంగారం, మదాం రొజేర్! మీ సాయంత్రం జనరేటర్ వంతు పక్క రైతు లెయోపోల్‌కి ఇచ్చేశాడు. వచ్చే ఆదివారం దాకా," అన్నాడు. ఆమెకి ఏదో కానుక తెచ్చినంత సంబరంగా చెప్పాడు. ఒడెట్ తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఉండిపోయింది. ఉబాల్ మరి రెండు మంచిమాటలు చెప్పి, ఒక కప్పు కాఫీ తాగి వెళ్లాడు.

సోమవారం మొదలైన వాన అది. పడుతూ పడుతూనే గడ్డకట్టే వాన. ఐదు రోజులు ఆగలేదు. కొమ్మకి, తీగకి, కంచెకి, తలుపు గడియకి బొటనవేలంత మందాన ఐసు పట్టింది. రిచెల్యూ నది వెంట ఉన్న ఊళ్లన్నిటిలోనూ మేపుల్ చెట్లు ఫెళఫెళా విరిగాయి, కరెంటు టవర్లు మోకాళ్ల మీద కూలబడ్డాయి. కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. వారం అన్నారు, తర్వాత మూడు వారాలన్నారు, ఆ తర్వాత అడగడం మానేశారు. ఊళ్లో సగానికి పైగా ఇళ్లలో ఎలక్ట్రిక్ హీటర్లే. కట్టెల పొయ్యి పాతకాలపు సరుకని ఎప్పుడో పీకి పారేశారు. ఒడెట్ పీకనివ్వలేదు. అందుకే పట్నం నుంచి మరిది కుటుంబం ఆరుగురు, అతని అత్తమామలిద్దరు పరుపులతో సహా వచ్చి ఆమె వంటింట్లో దిగారు. అత్తగారు ఎర్నెస్తిన్ ఎలాగూ ఉండనే ఉంది, పొయ్యి పక్క కుర్చీలో, దీవించిన కొవ్వొత్తి వెలిగించుకుని.

మనుషుల సంగతి సరే, ఆవులున్నాయి. కొట్టంలో ఇరవై ఎనిమిది. కరెంటు లేకపోతే పితికే మిషన్ ఆడదు. పితక్కపోతే పొదుగు గట్టిపడి, వాచి, జ్వరమొచ్చి ఆవు చచ్చిపోతుంది. మొదటి రెండు రోజులూ చుట్టుపక్కల కొట్టాల్లో మగవాళ్లు ఏం చెయ్యాలో తోచక తల పట్టుకుంటే, ఒడెట్ స్టూలు వేసుకుని కూర్చుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన విద్య. ముప్పై ఏళ్లుగా వాడకపోయినా వేళ్లు మరిచిపోలేదు. చెయ్యి తగిలితే బెదిరే ఆవులవి, రబ్బరు గొట్టాలకి అలవాటు పడ్డవి. తన్నాయి, బకెట్లు దొర్లించాయి. ఆమె వాటి చెవిలో ఏదేదో గొణిగింది, బుజ్జగించింది, తిట్టింది. చివరికి చేపాయి. రొజేర్ కూడా కూర్చున్నాడు, కాదనకూడదు. రెండు ఆవులు పితికి, వేళ్లు కొంకర్లు పోతున్నాయని లేచి నవ్వేశాడు. "ఇవి ఈ పనికి పుట్టిన చేతులు కావే," అన్నాడు.

మూడో రోజున ట్రాక్టర్ ఇరుసుకి తగిలించి తిప్పే పెద్ద జనరేటర్ ఒకటి దొరికింది. నాలుగు ఇళ్లకీ అదొక్కటే. దాన్ని బండి మీద కట్టి కొట్టం నుంచి కొట్టానికి తిప్పడం ఉబాల్ పని. ఎవరికి ఎన్నింటికి అన్నది హాల్లో బింగో కాగితం వెనక రాసి గోడకి అంటించారు. తెస్సియే వాళ్లకి పొద్దున అయిదు నుంచి ఏడు, సాయంత్రం అయిదు నుంచి ఏడు. ఆ రెండు గంటల్లోనే పితకాలి, బావిలో మోటారు ఆడించి తొట్లు నింపాలి. కాగితం మీద నాలుగూ మగవాళ్ల పేర్లే. అదేమంత వింత కాదు, ఊళ్లో ఏ కాగితం తీసినా అంతే. పాతికేళ్లుగా పొద్దున్నా సాయంత్రం పితికేది ఒడెట్ అని ఊరందరికీ తెలుసు. తెలిసిన సంగతిని కాగితం మీద పెట్టాలని ఎవరికీ తోచదు.

ఆ మధ్యాహ్నం, అంటే శుక్రవారం మధ్యాహ్నం భోజనాలప్పుడు, ఆమె అడిగింది.

"నన్నొక మాట అడగాల్సింది."

"దేనికి?"

"వంతు ఇచ్చేముందు."

"లెయోపోల్‌కి అరవై ఆవులున్నాయే. రెండు గంటలు ఎక్కడ సరిపోతాయి? మన ఇంటికీ అతనింటికీ మధ్య బండి కదపడంలోనే అరగంట పోతోంది. పాపం వాడు ఏడుస్తున్నాడు. అడిగితే నువ్వు కాదనేదానివా?"

ఒడెట్ నిజంగానే ఆలోచించింది. "కాదనేదాన్ని కాదేమో," అంది.

"మరింకేం!" అని రొజేర్ రొట్టె ముక్క సూపులో ముంచుకున్నాడు.

మరింకేం. ఆ మాట పట్టుకుని ఆమె తొమ్మిది సాయంత్రాలు నలిగింది. అడిగితే ఇచ్చేదే. లెయోపోల్ ఆవులూ ఆవులే కదా, వాటికీ నొప్పే కదా. కానీ అడిగి ఉంటే ఇచ్చింది ఆమె అయ్యేది. అడక్కుండా ఇచ్చేసరికి ఇచ్చినవాడు రొజేర్ అయ్యాడు, ఇవ్వబడింది మాత్రం ఆమె చేతులు. రొజేర్ చెడ్డవాడు కాడు, అదే ఒడెట్‌కి ఉన్న పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది. పొద్దున్నే రంపం పట్టుకుని వెళ్లి రోడ్ల మీద పడ్డ చెట్లు కోస్తాడు. ముసలివాళ్లని ట్రక్కులో ఎక్కించుకుని స్కూల్లో పెట్టిన శిబిరానికి చేరుస్తాడు. ఎవరింట్లో కట్టెలు అయిపోయినా తన కుప్పలోంచి తీసుకెళ్లి పడేసి వస్తాడు. ఆ కట్టెలు లోపలికి మోసిందీ పేర్చిందీ ఒడెట్ అని ఆయనకి గుర్తుండదు, అంతే. ఊరంతా కలిసి, ఎవరూ ఏమీ పుచ్చుకోకుండా చేసుకునే పనిని వాళ్లు కోర్వే అంటారు. కోర్వేలో మగవాళ్లు పని చేస్తారు, ఆడవాళ్లు వాళ్లకి వండిపెడతారు, సాయంత్రానికి మగవాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు. రొజేర్ చేతికి ఎముక లేదని అందరూ అంటారు. నిజమే, అరిగే ఎముకలన్నీ ఒడెట్ చేతుల్లో ఉంటే ఆయనకెందుకు?

సాయంత్రం అయిదింటికి కొట్టంలోకి వెళ్తే తొమ్మిది దాటేది బయటికి వచ్చేసరికి. లాంతరు వెలుగులో ఒక్కొక్క పొదుగూ తుడిచి, రెండేసి చన్నులు పట్టుకుని, గుప్పిటలు మూస్తూ తెరుస్తూ, మూస్తూ తెరుస్తూ. ఒక ఆవు. ఇంకొకటి. మరొకటి. పన్నెండో ఆవు దగ్గరికి వచ్చేసరికి మోచేతుల దాకా మంట. ఇరవయ్యోది దాటాక అసలు చేతులున్నట్టే తెలిసేది కాదు. ఇంత చేసీ ఆ పాలు ఎవరి నోట్లోకీ వెళ్లవు. డెయిరీకీ కరెంటు లేదు, ట్యాంకర్ రావడం మానేసి వారమైంది. పితికిన పాలన్నీ తీసుకెళ్లి పేడగుంటలో పారబోయాలి. తెల్లటి ఆవిరి లేస్తుంటే బకెట్ వంచి పారబోస్తూ ఆమెకి ఒకసారి పకపకా నవ్వొచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ చేసిన పనంతా ఇలా కంటికి కనపడేలా ఎవరైనా చూపించగలరా అనుకుంది. వంట చేస్తే తినేస్తారు, ఉతికితే మాపేస్తారు, ఊడిస్తే తొక్కేస్తారు. ఇదీ అంతే, కాకపోతే కాస్త తిన్నగా గుంటలోకి.

కొట్టం నుంచి ఇంట్లోకి వస్తే అందరూ తినేసి ఉండేవాళ్లు. తోడికోడలు పరుపు మీద నుంచే, "నీ కోసమే చూస్తున్నాం ఒడెట్, గిన్నెలు ఎక్కడ పెడతావో తెలియక అలాగే ఉంచేశాను," అనేది. మంచిదే పాపం, హీటర్లు లేని ఇంట్లో ఎలా బతకాలో తెలియనిది. మరిది మాత్రం రోజూ ఒకటే జోకు వేసేవాడు. "వదిన ఇంకా కొట్టంలోనే ఉందా? ఆవులతో కబుర్లు ఎక్కువయ్యాయి!" అందరూ నవ్వేవాళ్లు. ఒడెట్ కూడా మొదటి మూడు రోజులు నవ్వింది.

మంగళవారం సాయంత్రం బ్యాటరీ రేడియోలో రొజేర్ పేరు వచ్చింది. ఆ పూట ఆమె ఆలస్యంగా బయల్దేరింది, గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టుకుని వేళ్లు కదిలించే ప్రయత్నం చేస్తోంది. రేడియోలో అమ్మాయి చెబుతోంది. ఈ చీకట్లో కూడా పెద్ద మనసులు ఉన్నాయట. నది ఒడ్డున ఒక పాడిరైతు, శ్రీ రొజేర్ తెస్సియే, తన సొంత జనరేటర్ వంతుని పక్క రైతుకి ఇచ్చేసి, తను మాత్రం తాతల కాలంలో లాగా చేత్తో పాలు పితుక్కుంటున్నాడట.

వంటిల్లంతా చప్పట్లు. మరిది లేచి అన్నగారిని కౌగలించుకున్నాడు. రొజేర్ ఎర్రబడ్డాడు.

"నేనలా చెప్పలేదే. వాళ్లే ఏదో కలిపారు," అన్నాడు ఒడెట్ వైపు చూడకుండా.

"అయితే రేపు ఫోన్ చేసి సరి చెయ్యి," అంది ఒడెట్.

"ఏమని?"

"పితికేది నా పెళ్లాం అని."

"అబ్బా, ఇప్పుడు దానికోసం ఫోన్ చేస్తారా ఎవరైనా? జనం చచ్చిపోతుంటే! ఎవరు పితికితే ఏంటే, ఇల్లు ఒకటేగా." రొజేర్ గొంతులో విసుగు కన్నా భయమే ఎక్కువ వినిపించింది ఆమెకి. రేడియోలో వచ్చిన ఆ మనిషిని వదులుకోవడం ఆయనకి ఇష్టంలేదు.

"మా నాన్న పోలిక," అంది ఎర్నెస్తిన్ కుర్చీలోంచి, కొడుకుని మురిపెంగా చూస్తూ. ఒడెట్‌కి ఒళ్లు మండింది. చేతులు తుడుచుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది.

ఎర్నెస్తిన్‌కి డెబ్బై తొమ్మిది. ఆమె వేళ్లు అరచేతిలోకి వంగిపోయి పదిహేనేళ్లయింది. చెంచా పట్టుకోగలదు, కత్తి పట్టుకోలేదు. కంచంలో మాంసం ముక్క పడితే ఒడెట్టే కోసి పెట్టాలి, అది ఆ ఇంట్లో అలవాటు. గురువారం మధ్యాహ్నం ముక్క కోస్తుంటే ఒడెట్ చేతిలోంచి కత్తి జారి కింద పడింది. వంగి తీసింది. మళ్లీ జారింది. బల్ల చుట్టూ ఎవరూ పట్టించుకోలేదు, కట్టెలు ఎన్నాళ్లొస్తాయన్న చర్చలో ఉన్నారు. ఎర్నెస్తిన్ మాత్రం చూసింది. ఒడెట్ కుడిచేతి వేళ్ల కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, ఉంగరం మాంసంలోకి దిగిపోయింది.

"చలికి," అంది ఒడెట్.

"నేనూ అదే అనుకున్నాను మొదట్లో." ముసలావిడ గొంతు తగ్గించింది. "నాకు ముప్పై నాలుగో ఏట మొదలైంది. చలికే అన్నాడు మీ మామగారు. వేసవిలో కూడా చలికే అన్నాడు." అంతటితో ఆపేసి, "సూపులో ఉప్పు తక్కువైంది," అంది మామూలు గొంతుతో.

ఆ రాత్రి ఒడెట్‌కి నిద్ర పట్టలేదు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే ఎలా? జుట్టు ముడేసుకోలేకపోతే? తనకి నలభై ఏడు. తన కంచంలో ముక్క కోసిపెట్టడానికి కోడలు ఉండదు, ఉన్నా ఆ పిల్ల ఎందుకు కొయ్యాలి? ఒక మనిషి గొప్పతనానికి ఇంకో మనిషి వేళ్లు ఎన్ని కావాలి? ఆమెకి కోపం వచ్చింది. ఊరి మీదో దేవుడి మీదో కాదు, నేరుగా రొజేర్ మీద, పక్కనే గుర్రుపెట్టి నిద్రపోతున్న ఆ మంచి మనిషి మీద. ఇన్నేళ్లలో ఇంత సూటిగా ఎప్పుడూ రాలేదు కోపం. వచ్చాక తేలిగ్గా అనిపించింది. శనివారం పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే అడిగింది. "రేపటితో అయిపోతుందిగా? మన వంతు మనకి వచ్చేస్తుందిగా?" రొజేర్ తలెత్తి, "రేపటితో సరి. మాటిచ్చాను కదా ఆదివారం దాకానే అని," అన్నాడు. ఆమె నమ్మింది. ఇంకొక్క రెండు సాయంత్రాలు, అంతే కదా అనుకుంది.

ఆదివారం పూజ చర్చిలో కాదు, హాల్లో పెట్టారు. అక్కడైతే ప్రొపేన్ హీటర్ ఉంది. కోట్లు విప్పకుండానే అందరూ మడత కుర్చీల్లో కూర్చున్నారు. ఫాదర్ గారు పొరుగువాడిని ప్రేమించడం గురించి మాట్లాడి, మాట మధ్యలో రొజేర్ వైపు చెయ్యి చాపారు. పూజ అయ్యాక కాఫీ కెటిల్ తిరుగుతుండగా ఉబాల్ గోడ దగ్గర నిలబడి పెన్సిల్ చెవి మీంచి తీశాడు. కొత్త వారానికి కొత్త కాగితం రాయాలి.

"తెస్సియే. పొద్దున అయిదు, సాయంత్రం అయిదు, మామూలే కదా?"

లెయోపోల్ తలెత్తలేదు. కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. అలా చూడటమే చాలు రొజేర్‌కి. లేచి నిలబడ్డాడు. "పొద్దున మాది మాకు ఉంచండి. సాయంత్రం లెయోపోల్‌కే రాయండి. కరెంటు వచ్చేదాకా!"

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు.  ఒక వారం కాదు, కరెంటు వచ్చేదాకా. ఆ పదాలు అన్నప్పుడు ఆయన ఆమె వైపు చూడనైనా చూడలేదు. దాచిపెట్టడానికి చూడకపోవడం కాదు, నిజంగా ఆమె గుర్తుకే రాలేదు ఆ క్షణంలో. అది చూసి ఆమె లోపల ఏదో స్థిరపడింది. ఆమె లేచింది. మడత కుర్చీ కిర్రుమంది.

"ఉబాల్, నేనూ ఒకటి ఇద్దామనుకుంటున్నాను."

అందరూ ఇటు తిరిగారు. ఉబాల్ మొహం విప్పారింది. "చెప్పండి మదాం రొజేర్! బఠాణీ సూపేనా? శిబిరంలో వాళ్లు మీ సూపు సూపు అని కలవరిస్తున్నారు."

నవ్వులు.

"సూపు కాదు. నా వంతు."

"మీకు వేరే వంతెక్కడిది? ఇంటికి ఒకటేగా," అన్నాడు ఉబాల్, వేళాకోళం అనుకుని.

"జనరేటర్ వంతు కాదు. పితికే వంతు. మా కొట్టంలో సాయంత్రం ఇరవై ఎనిమిది ఆవుల్ని చేత్తో పితికే వంతు నాది. తొమ్మిది రోజుల నుంచి చేస్తున్నాను. ఇవాళ్టి నుంచి దాన్ని రొజేర్‌కి ఇచ్చేస్తున్నాను. కరెంటు వచ్చేదాకా. రాసుకో."

 రొజేర్ నవ్వాడు, సగంలో ఆగిపోయింది. "జోకులు వేస్తుంది మా ఆవిడ," అన్నాడు చుట్టూ చూస్తూ. "ఒడెట్, కూర్చో, ఇంటికెళ్లాక..."

"రేడియోలో మీరే పితుకుతున్నారని చెప్పారు కదా," అంది వెనక వరసలోంచి ఒక ముసలమ్మ. ఆమె నిజంగా అర్థంకాకే అడిగింది.

ఉబాల్ పెన్సిల్ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "ఇలాంటివి కాగితం మీద రాయరు మదాం. ఇంటి సంగతి ఇది."

"ఇంటి సంగతేగా. మరి ఇక్కడ ఇచ్చారేం? ఇంట్లో ఇచ్చుంటే నేనూ ఇంట్లోనే ఇచ్చేదాన్ని." ఒడెట్ నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్లింది. "నేనే రాద్దును ఉబాల్. పెన్సిల్ పట్టుకోవడం రావట్లేదు."

ఆమె చేతులు చాపలేదు, ఎత్తి చూపలేదు. పక్కన వేలాడుతున్నాయంతే. అయినా ముందు వరసలో కూర్చున్న లెయోపోల్ భార్య కళ్లు వాటి మీదకి వెళ్లాయి, అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి ఆమె మొగుడి మోచేతిని గట్టిగా పొడిచింది. లెయోపోల్ కప్పు కింద పెట్టాడు. ఉబాల్ గొంతు సవరించుకుని కాగితం కింద, మార్జిన్లో, చిన్న అక్షరాలతో రాశాడు. సాయంత్రం, చేత్తో, రొజేర్.

"నా పేరు కూడా రాయి. ఎవరిచ్చారో తెలియాలిగా."

"మదాం రొజేర్ అని..."

"ఒడెట్ లమురే."

పెళ్లికి ముందు పేరది. ఉబాల్‌కి ఆ పేరు ఎలా రాయాలో తెలియదు. ఆమె ఒక్కొక్క అక్షరమే చెప్పింది.

ట్రక్కులో ముగ్గురూ ఒకే సీటు మీద కూర్చుని ఇంటికొచ్చారు, మధ్యలో ఎర్నెస్తిన్. సగం దూరం వచ్చాక రొజేర్ నోరు విప్పాడు. "నలుగురిలో నా తల తీసేశావు."

"నలుగురిలోనేగా నువ్వు నా చేతులు ఇచ్చింది."

"చేతులేంటి చేతులు! సాయం చేశాను. సాయం చెయ్యడం కూడా తప్పేనా ఈ రోజుల్లో?"

"తప్పు కాదు. చెయ్యి. సాయంత్రం అయిదింటికి."

"నన్ను ఈ వయసులో ఇలా నవ్వులపాలు చెయ్యాలా," అంది ఎర్నెస్తిన్ రోడ్డు వైపే చూస్తూ. ఎవరిని అంటోందో తెలియలేదు. 

మధ్యాహ్నమంతా వంటింట్లో మరిది జోకులు బంద్. తోడికోడలు ఎవరూ చెప్పకుండానే గిన్నెలు కడిగి, ఎక్కడ పెట్టాలో తెలియకపోయినా ఎక్కడో ఒకచోట పెట్టింది. ఒడెట్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని, కిటికీ పక్క కూర్చుని, చేతులు అందులో పెట్టింది. తన వంటింట్లో పగటిపూట తను కూర్చుని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

అయిదింటికి ఆవులు మొదలుపెట్టాయి. ముందు ఒకటి, తర్వాత రెండు, ఆ తర్వాత అన్నీ. పాలు నిండిన పొదుగు నొప్పికి ఆవు అరిచే అరుపు వేరు, అది ఆకలి అరుపు కాదు. ఒడెట్‌కి ఒక్కొక్క గొంతూ తెలుసు. ఆ బొంగురుగొంతు పెర్లా. దానికి ఎడమవైపు చన్ను మొన్నటి నుంచి గట్టిగా ఉంది. ఆమె కాళ్లు వాటంతటవే నేల మీద ఆనుకున్నాయి. పాతికేళ్ల అలవాటు కాళ్లకి ఉంటుంది, బుర్రకి కాదు. రొజేర్ చాలాసేపు బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తొడుక్కున్నాడు. లాంతరు పట్టుకుని వెళ్లాడు.

ఇరవై నిమిషాలకి తిరిగొచ్చాడు. టోపీ తడిసిపోయింది, ప్యాంటు మోకాలి దాకా పాలు. ఏదో తన్నింది. వేళ్లు విదిలించుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఒడెట్ వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. పాపం అనిపించింది ఆమెకి, అబద్ధమెందుకు. ఆయన ఆ జాలిని కనిపెట్టినట్టే ఉన్నాడు, కొంచెం ముందుకి వంగాడు. ఆమె చేతులు నీళ్లలోంచి తియ్యలేదు. రొజేర్ గోడకున్న ట్రక్కు తాళాలు లాక్కుని బయటికి వెళ్లిపోయాడు. ట్రక్కు చప్పుడు రోడ్డు మీద దూరమైంది.

ఆవులు అరుస్తూనే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాడు ఈయన? అలిగి ఎవరింట్లోనో కూర్చుంటే? అవి చేసిన పాపమేంటి? మొగుడి మీద కోపం ఆవుల మీద చూపించినదాన్ని ఊరు ఏమంటుంది, ఊరి మాట అటుంచు, తనకి తను ఏం చెప్పుకుంటుంది? పెర్లా గొంతు బొంగురుపోయి ఆగింది. ఒడెట్ లేచింది. తడిచేతులతోనే మేకుకున్న కోటు అందుకుంది. చెయ్యి తొడగబోతుంటే ఎవరో పట్టుకున్నారు. పట్టు కాదది, వంగిపోయిన వేళ్లు కోటుకి తగులుకున్నాయంతే. ఎర్నెస్తిన్ కుర్చీలోంచి లేచి వచ్చిందని ఎవరూ గమనించలేదు.

"కూర్చో," అంది.

"అరుస్తున్నాయి అత్తయ్యా."

"నాకూ చెవులున్నాయి. అరవనీ. ఒక గంటకి చచ్చిపోవు. ఎంతసేపటికి చచ్చిపోతాయో నీకూ తెలుసు నాకూ తెలుసు." ముసలావిడ కోటుని తన వైపుకి లాగింది. "నేనొక్కసారీ కూర్చోలేదు. కూర్చో."

ఒడెట్ కూర్చుంది. ఎర్నెస్తిన్ పక్కనే ఇంకో కుర్చీలో కూర్చుంది. ఇద్దరూ వింటూ ఉండిపోయారు. వినడం కూడా పనే అని, అదీ చేతులతో చేసే పనంత కష్టమేనని ఒడెట్‌కి ఆ అరగంటలో తెలిసింది. తోడికోడలు టబ్బులో చల్లారిన నీళ్లు పారబోసి వేడివి పోసింది, ఎవరూ అడక్కుండానే.

ఆరున్నర కావస్తుండగా రోడ్డు మీద బరువుగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. కిటికీ అద్దానికి పట్టిన ఐసు మీద హెడ్‌లైట్ల వెలుగు పాకింది. ఉబాల్ గొంతు, వెనకే రొజేర్ గొంతు, ఇనుప గొలుసుల చప్పుడు. లెయోపోల్ ఇంటి నుంచి బండిని వెనక్కి తెచ్చుకున్నాడు. ఏం చెప్పి తెచ్చుకున్నాడో, ఎంత సిగ్గుపడ్డాడో ఆయనకే తెలియాలి. జనరేటర్ రొద మొదలైంది, కొట్టంలో లైట్లు వెలిగాయి. తలుపు బార్లా తెరుచుకుంది. రొజేర్ మొహం చలికి కందిపోయి ఉంది, అయినా దాని మీద ఒక వెలుగుంది, అప్పు తీర్చేసినవాడిలా.

"కరెంటు తెచ్చాను! మన వంతు మనకి తెచ్చేశాను, సరేనా? ఇంక లే. మిషన్లు తగిలిద్దువు గానీ, రా."

ఇంట్లో పదిమందీ ఒడెట్ వైపు చూశారు. ఆమె చేతులు నీళ్లలో మెల్లగా తెరిచింది, మూసింది. కుడిచేతి చూపుడువేలు ఇంకా పూర్తిగా వంగట్లేదు.

"ముందు పొదుగులు గోరువెచ్చటి నీళ్లతో తుడువు," అంది. "గుడ్డలు తలుపు పక్క మేకుకి ఉన్నాయి. పెర్లాని చివరికి ఉంచుకో, ఎడమవైపు మిషన్ పెట్టకు, దానికి నొప్పి. అది తన్నితే తిట్టకు, పాట పాడు."

రొజేర్ కదల్లేదు.  వెనకనుంచి చలిగాలి వంటింట్లోకి వచ్చి కొవ్వొత్తి రెపరెపలాడింది.

"వెళ్లేటప్పుడు ఆ తలుపు వేసి వెళ్లు," అంది ఒడెట్. "మాకు చలేస్తోంది."